మంగళవారం బెంచీ మీద ఓబులేసు

తొంభైల మొదట్లో నన్ను పులివెందుల నుంచి జమ్మలమడుగు దిక్కున ఉన్న ఒక ముప్పై పడకల సర్కారు ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్, అంటే సర్కారు డాక్టర్లలో కింది మెట్టు. పని ఆడవాళ్ల వార్డు, కానుపులు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు. ఆసుపత్రి పేరు, దానికి దగ్గర్లో ఉన్న ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు కూడా మార్చాను. మైలవరం డ్యాము నీళ్లు అందే ఊళ్లలో అదొకటి అనుకుంటే చాలు.

నేను ప్రొద్దుటూరు బిడ్డను. బదిలీ కాగితం చూసి మా అమ్మ ఏడ్చింది. ఆ ఊరిలో బాంబులేసుకుంటారని ఎవరో చెప్పారట. బాంబులేసుకునేది మగవాళ్లు, నా దగ్గరికొచ్చేది ఆడవాళ్లు, నాకేం భయమని అన్నాను. అప్పటికి నాకు తెలిసింది అంతే. అయినా ఆ మాట పూర్తిగా తప్పేమీ కాదు.

చేరిన మొదటి రోజే ఎస్తేరమ్మ సిస్టర్ నన్ను పక్కకు తీసుకుపోయి ఆసుపత్రి కట్టుబాటు చెప్పింది. ఆమె అక్కడ హెడ్ నర్సు. నాకంటే వయసులోనూ సర్వీసులోనూ పెద్ద. ఊరిలో రెండు పార్టీలు. పార్టీ అంటే ఎన్నికల జెండా అనుకునేరు. జెండాలు ఐదేళ్లకొకసారి మారేవి, పార్టీలు తాతల నాటి నుంచి అవే. ఒకటి పైవీధి, ఇంకొకటి కిందివీధి. నేను రాకముందెప్పుడో ఓపీ వరండాలోనే రెండు వీధుల వాళ్లు కొట్టుకుని, కాలికి కట్టు కట్టించుకోవడానికి వచ్చినవాడు తల కూడా పగలగొట్టించుకున్నాడట. అప్పుడు రెండు వీధుల పెద్దలూ కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. ఆసుపత్రి గేటు లోపల ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తకూడదు. సోమ, బుధ, శుక్రవారాలు పైవీధి మగవాళ్లవి. మంగళ, గురు, శనివారాలు కిందివీధి మగవాళ్లవి. ఆదివారం ఎటూ ఓపీ ఉండదు. ప్రాణం మీదికొస్తే మాత్రం ఏ రోజైనా తేవచ్చు. ఆడవాళ్లకు, పిల్లలకు రోజుల లెక్క లేదు.

దీన్ని ఎవరూ గోడ మీద రాయలేదు. జిల్లా కేంద్రంలో మా పై అధికారులకు కూడా తెలియదు. కానీ జ్వరమొచ్చి ఒణుకుతున్న పైవీధి మగవాడు మంగళవారం ఇంట్లోనే దుప్పటి కప్పుకుని పడుకుని బుధవారం వచ్చేవాడు. నాకు ఒళ్లు మండేది. సిస్టర్ మాత్రం ఈ కట్టుబాటు వచ్చాక వరండాలో నెత్తురు తుడిచే పని తప్పిందని చెప్పేది. ఆమె లెక్క ఆమెది.

దీనివల్ల ఇంకొకటి జరిగింది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. భార్యను ఏ రోజు ఆసుపత్రికి తేవాల్సి వస్తుందో ముందుగా తెలియదు కాబట్టి, మగవాళ్లు భార్యల వెంట రావడమే మానేశారు. ఆడమనిషి వెంట అత్తో ఆడబిడ్డో వచ్చేది. నేను అడిగిన ప్రశ్నకు జవాబు కూడా చాలాసార్లు అత్తే చెప్పేది. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ముందు ఆడమనిషిని ఒంటరిగా లోపలికి పిలిచి మాట్లాడటం, ఆ తర్వాతే వెంట వచ్చినవాళ్లను పిలవడం. అత్తలు గొణిగేవాళ్లు. గొణగనీ అనుకునేదాన్ని.

ఓబులేసు, రామలక్ష్మి ఒక శుక్రవారం వచ్చారు. ఓబులేసు పైవీధి మనిషి, గొర్రెల మంద ఉంది. మనిషి పొడుగు, మాట తక్కువ. పైవీధి పెద్దాయన బీళ్లలోనే మంద మేసేది కాబట్టి, వాళ్ల నాయన కాలం నుంచీ ఆయన మాటే వాళ్లకు మాట. మొగుడూ పెండ్లాం ఇద్దరే రావడం చూసి సిస్టర్ నా వైపు కనుబొమ్మలెగరేసింది.

రామలక్ష్మిని లోపలికి పిలిచి తలుపేశాను. చంకలో ఏడాది కూడా నిండని మగపిల్లాడు, ఇంకా చనుబాలు తాగుతున్నాడు. వాడిపైన ఒక ఆడపిల్ల. పిల్లాడి కానుపు ప్రొద్దుటూరులో సిజేరియన్. నెత్తురు బాగా పోయిందని ఆమె చెప్పింది, కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల తెల్లగా ఉంది. పాలిచ్చినంత కాలం కడుపు రాదని అనుకున్నారట. చాలామంది అట్లాగే అనుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు. పరీక్ష చేస్తే పన్నెండు వారాలకు కాస్త తక్కువగా తేలింది.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పాలి. మా భాషలో ఎంటీపీ అంటే డాక్టర్లు చట్టప్రకారం చేసే గర్భస్రావం. అప్పటి చట్టంలో పన్నెండు వారాల లోపైతే ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. దాటితే ఇద్దరు డాక్టర్లు కావాలి. పద్ధతి కూడా మారిపోతుంది, వార్డులో ఉంచాలి, నెత్తురు పోయే ప్రమాదం ఎక్కువ. పద్దెనిమిదేళ్లు నిండిన ఆడమనిషి సంతకం చాలు, భర్త సంతకం చట్టం ఎక్కడా అడగదు. అయినా చాలాచోట్ల అడిగేవాళ్లు. నేను అడిగేదాన్ని కాదు. జరిగిన పనిని రహస్యంగా ఉంచడం డాక్టరు బాధ్యత అని కూడా ఆ చట్టమే చెబుతుంది.

ఏం చేద్దామనుకుంటున్నావని అడిగాను.

"అదే తెలీడం లేదు మేడం," అంది. "వద్దనే ఉండాది నాకు. పోయిన కానుపులో సచ్చి బతికినా. మళ్లీ వద్దనుకుంటే పాపమేమో అని కూడా ఉండాది. మా అత్తకు ఇంకా చెప్పలే. చెప్తే ఉండనీ అంటాది, మందకు ఇద్దరు మొగపిల్లోళ్లు అయితారంటాది."

నేను ఇటు తోయను, అటు లాగను. కుట్టిన గర్భసంచి ఏడాది తిరక్కముందే మళ్లీ సాగితే ఏమవుతుందో చెప్పాను. ఉంచుకుంటే నెలనెలా ఎట్లా చూస్తానో, కానుపు ఎక్కడ చేయించాలో చెప్పాను. తీసేస్తే ఎట్లా తీస్తానో, అందులో ఉన్న ప్రమాదమేమిటో అదీ దాచకుండా చెప్పాను. పాపం పుణ్యం నా చదువులో లేవని, ఆ లెక్క ఆమెదేనని అన్నాను. ఆమె మొహం కాస్త తేటపడింది. ఎవరైనా ఏదో ఒకటి చెయ్యమంటారని కాచుకుని వచ్చినట్టుంది పాపం.

తర్వాత ఓబులేసును పిలిచాను. నీ మాటేమిటని అడిగితే నేల చూస్తూ, "ఆయమ్మ ఎట్లంటే అట్ల మేడం," అన్నాడు.

ఈ మాట వింటే నాకు తిక్క లేచేది. వినడానికి ఎంతో మంచి మాట. చెప్పినవాడి చేతులు మాత్రం శుభ్రంగా ఉంటాయి. రేపు ఏదైనా తేడా వస్తే "నీ ఇష్టమే కదా" అనడానికి దారి ముందే వేసి పెట్టుకున్నట్టు. ఆ మాటే మొహాన అనేశాను. "ఎట్లంటే అట్ల అని నువ్వు గమ్మున కూసుంటే మోసేది ఆయమ్మొకతే కదప్పా. నీకు ఏమనిపిస్తాందో ఆమెకు చెప్పు. నీనుంచి ఏం కావాల్నో ఆమెను అడుగు. అడిగినంక ఇద్దరూ రాండి," అని బయటికి పంపాను.

సైకిళ్ల స్టాండు దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. కిటికీలోంచి కనబడుతూనే ఉన్నారు. మొదట ఆమె మాట్లాడింది. తర్వాత అతను, చేతులు ఆడిస్తూ. అతని నోట్లో అన్ని మాటలున్నాయని నేను అనుకోలేదు. చివరికి ఓబులేసు పిల్లాణ్ణి తన చంకలోకి తీసుకున్నాడు.

లోపలికి వచ్చాక రామలక్ష్మే చెప్పింది. "తీసేయండి మేడం. మా ఆయప్పకూ భయమే అంట నేను పోతానని. అది ఇప్పుడు చెప్తాండాడు నాకు. ఒకటే అడిగినా. పోయిన కానుపప్పుడు ఆయప్ప పెద్దాయన మనుషులతో కొండల్లో దాక్కోనుండె. నేను ఆడ బల్ల మీద పండుకోని, ఈ మనిషి మొగం ఇంక సూస్తానో లేదో అనుకుంటి. ఈతూరి బయట బెంచీ మీద ఉండాల. తలుపు తీసినప్పుడల్లా నాకు కనపడాల."

ఇక్కడ చిక్కొచ్చింది. మా ఆసుపత్రికి మత్తు డాక్టరు ప్రొద్దుటూరు నుంచి మంగళవారం మాత్రమే వచ్చేవాడు. మామూలుగా ఈ పనికి మత్తు డాక్టరు అక్కర్లేదు. కానీ పాత కుట్లు, నెత్తురు లేని ఒళ్లు. అట్లాంటి మనిషిని మత్తు డాక్టరు పక్కన లేకుండా బల్లెక్కించడం నాకు ఇష్టం లేదు. ఆ మంగళవారం దాటితే పన్నెండు వారాలు దాటిపోతాయి. ప్రొద్దుటూరు పొమ్మందామంటే, సిజేరియన్ చేయించిన ఆసుపత్రిలో వాళ్ల అత్తకు తెలిసిన ఆయా ఉందని రామలక్ష్మి ఒప్పుకోలేదు.

మంగళవారం కిందివీధి రోజు.

ఓబులేసుతో విడిగా మాట్లాడాను. నువ్వు రాకపోయినా పని ఆగదని, ఆమెకు నేను నచ్చజెబుతానని అన్నాను. అతను విన్నాడు. "అడగమన్యారు, అడిగినా. ఆయమ్మ చెప్పింది ఇదొకటే," అన్నాడు. సరే, మంగళవారం పొద్దున్నే ఇద్దరూ రమ్మన్నాను.

అత్తకు రామలక్ష్మి చిలమకూరులో వాళ్లక్క ఇంటికి పోతున్నానని చెప్పింది. అక్క మొగుడు అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పని అయినాక నిజంగానే నాలుగు రోజులు అక్కడ ఉండి విశ్రాంతి తీసుకోవాలని మేమే అనుకున్నాం. ఓబులేసు మంద దగ్గరికి పోతున్నానని చెప్పాడు.

మంగళవారం పొద్దున వరండా నిండా కిందివీధి మగవాళ్లున్నారు. ఆపరేషన్ థియేటరు తలుపుకు ఎదురుగా ఉన్న పొడుగు బెంచీ మీద అరడజను మంది. ఓబులేసు గేటు దగ్గరే చేతికట్టె వాచ్‌మన్‌కు ఇచ్చేసి, చంకలో పిల్లాడితో, ముందు రామలక్ష్మి నడుస్తుంటే వెనకాల వచ్చాడు. సిస్టర్ పరుగున ఎదురొచ్చింది. దుప్పట్లు పెట్టే గదిలో కూర్చోమని అతని చెయ్యి పట్టి లాగింది. "ఆయమ్మకు కనపడాల సిస్టర్," అని అతను చెయ్యి విడిపించుకుని బెంచీ దగ్గరికే పోయాడు. బెంచీ మీద ఉన్న ఒక ముసలాయన కాస్త జరిగాడు. ఓబులేసు కూర్చున్నాడు.

వాళ్లలో ఎవరో ఏం పనప్పా అని అడిగారట. ఉండాదిలే అన్నాడట. అంతకు మించి ఒక్క మాట లేదు. ఆ తర్వాత పిల్లాడు పాలకు ఏడవడం మొదలుపెట్టాడు. ఏడుపు వినలేక ఆ ముసలాయనే టీ అంగడి నుంచి ఒక బన్ను తెప్పించి తుంచి చేతిలో పెట్టాడు. వాడు దాన్ని చీకుతూ ఊరుకున్నాడు.

లోపల పని సాఫీగా జరిగింది. మత్తు డాక్టరు ఆమె తల దగ్గర నిలబడ్డాడు. సక్షన్ యంత్రంతో చేశాను, నెత్తురు ఎక్కువ పోలేదు. మత్తు ఇవ్వకముందు, మందులకని సిస్టర్ తలుపు తీసినప్పుడల్లా రామలక్ష్మి తల తిప్పి చూసేది. మత్తు ఎక్కే ముందు కూడా అటే చూసింది. కళ్లు తెరిచాక మొదట అడిగింది, బిడ్డ ఏం తిన్నాడని. బన్ను అని చెబితే, "బన్నా? వానికి ఇంకా పండ్లు కూడా మొలవలేదు," అని విసుక్కుంది. ఆ విసుగు విని నాకు ధైర్యం వచ్చింది, మనిషి బాగుందని. ఆమె ముందే అడిగింది కాబట్టి, మళ్లీ కడుపు రాకుండా కాపర్-టీ కూడా అప్పుడే వేశాను. సాయంత్రం ఇనుము మాత్రలిచ్చి చిలమకూరు బస్సెక్కించాం. ఓబులేసు ఆమెను అక్క ఇంట్లో దిగబెట్టి ఊరికి తిరిగిపోయాడు.

కబురు అతనికంటే ముందే చేరింది. పైవీధి ఓబులేసు కిందివీధి రోజున, కిందివీధి వాళ్ల మధ్యన, ఒకే బెంచీ మీద కూర్చున్నాడు. వాళ్లు పెట్టింది తిన్నాడు. ఇదీ కబురు. అందులో పిల్లాడు లేడు, రామలక్ష్మి లేదు, థియేటరు తలుపు లేదు. కిందివీధి వాళ్లు తమను లెక్కబెట్టుకుపోవడానికి వచ్చిన వేగులవాడు అనుకున్నారు. పైవీధి వాళ్లు పార్టీ మారడానికి మాట్లాడుకునొచ్చాడు అనుకున్నారు. ఆసుపత్రికి వైద్యానికి కూడా వస్తారన్న సంగతి రెండు వీధుల్లోనూ ఒక్కడికీ తట్టలేదు.

శుక్రవారం పైవీధి పెద్దాయన నా గదికి వచ్చాడు. తెల్లబట్టలు, మెత్తటి మాట. జీపును గేటు బయటే నిలిపి నడిచి వచ్చాడు, కట్టుబాటును అంతగా పాటించే మనిషి. కూర్చోమన్నాక కూర్చున్నాడు.

"మంగళవారం మా ఓబులేసు ఈడికొచ్చింది యాల అమ్మా?" అని అడిగాడు.

ఎవరు ఎందుకు వచ్చారో చెప్పడం నా పని కాదని, చెప్పకపోవడమే నా పని అని అన్నాను. ఆయన కోప్పడలేదు. తల ఊపి, "అది నిజమే," అన్నాడు. తర్వాత చాలా మామూలుగా, మందుల ధర చెప్పినట్టు చెప్పాడు. ఓబులేసు మంద దగ్గరికని చెప్పి ఇక్కడికి వచ్చాడు. అడిగితే సొంత పని మీద పోయినా అంటాడు. ఏం పనిరా అంటే నోరు తెరవడు. "వాళ్ల నాయన నా కోసం కత్తిపోట్లు తిన్యాడమ్మా. వాడు మాట మారినాడంటే నేను నమ్మలేను. నమ్మకుండా ఉండేదానికి నాకొక ముక్క కావాల. నా కాడుండే కుర్రోళ్లు నా మాట యింటారు, ఎన్నాళ్లు యింటారో నేను చెప్పలేను."

ఆ మాటకు అర్థం ఓబులేసు ప్రాణం. ఒక్క వాక్యం చెబితే చాలు. ఆ వాక్యం నా నాలుక చివరే ఉంది. చెబితే ఓబులేసు బతుకుతాడు, రామలక్ష్మి గుట్టు ఊరి నోట్లో పడుతుంది. చెప్పకపోతే గుట్టు నిలుస్తుంది, మనిషి మిగలడు. కానీ నాకు స్పష్టంగా తెలిసింది ఒకటుంది. ఆ వాక్యం నాది కాదు, అది ఎవరిదో ఆమెకు ఈ సంగతే తెలియదు. పొద్దు గూకేదాకా ఆగమని పెద్దాయనను అడిగాను. "అందాక వానిమీద ఈగ వాలదు," అని లేచాడు.

ఓపీ సిస్టర్‌కు అప్పగించి ఆసుపత్రి జీపులో చిలమకూరు పోయాను. రామలక్ష్మి అక్క ఇంటి ముందు సిమెంటు దుమ్ము పట్టిన చాప దులుపుతోంది. మనిషి కోలుకుంది. ఒళ్లు ఎట్లా ఉందో ముందు చూసి, ఆ తర్వాత లోపల కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. నీ విషయం నేను ఎవరికీ చెప్పలేదు, నువ్వు చెప్పమంటే తప్ప చెప్పను అన్నాను. నీ ఆరోగ్యం కోసం నీ వెంట వచ్చాడని మాత్రం చెప్పి, మిగతాది కప్పిపుచ్చొచ్చు, అదొక దారి అని కూడా అన్నాను.

ఆమె మొహం ఎర్రబడింది. నేను ఏడుస్తుందనుకున్నాను. అది ఏడుపు కాదు.

"మూడు దినాలాయె. నాకొక మాట చెప్పలేదు ఆ మనిషి," అంది. పిల్లాణ్ణి చంకనేసుకుని చెప్పులేసుకుంది. "పాండి మేడం. నేనే చెప్తా."

దారిలో ఆలోచించుకోమన్నాను. అత్తకు తెలుస్తుంది, వీధికి తెలుస్తుంది, అన్న మాట మళ్లీ వెనక్కి రాదు. "తెలిసినాయి మేడం అన్నీ," అని కిటికీ వైపు తిరిగింది. జీపు ఎర్రగుంట్ల దాటి ఊరి దారి పట్టింది.

పెద్దాయన ఇంటి ముందు పెద్ద బండల అరుగు. దాని చివర ఓబులేసు కూర్చుని ఉన్నాడు. ఎవరూ కట్టెయ్యలేదు, కొట్టలేదు. కానీ అరుగు నిండా మనుషులున్నా అతని పక్కన నాలుగు మూరల చోటు ఖాళీగా ఉంది. ఓబులేసు తల్లి గడప దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నేను జీపు దిగాను కానీ ముందుకు పోలేదు. అది నా చోటు కాదు.

రామలక్ష్మి పెద్దాయన దగ్గరికి పోలేదు. నేరుగా మొగుడి ముందుకు పోయి నిలబడింది.

"ఏమయ్యా, నన్ను పిలిపియ్యల్ల అని తోచలేదా నీకు?"

"నీ మర్యాద..." అన్నాడు ఓబులేసు.

"నా మర్యాద నా కాడ ఉండాది. నువ్వు సచ్చిపోతే ఈ బిడ్డలకు నేనేం చెప్పల్ల? మీ నాయన నా గుట్టు దాచను పోయినాడనా? నేను అడిగితినా నిన్ను? ఆసుపత్రి కాడ అన్నీ అడిగినావే, ఇది యాల అడగలేదు?"

అప్పుడు పెద్దాయన వైపు తిరిగింది. గొంతు తగ్గింది, మాట మాత్రం తడబడలేదు.

"మామా, ఆయప్ప పోయింది నా కోసరం. నాకు మళ్లీ కడుపొచ్చింది. పోయిన కానుపులో సావు దాంక పోయొచ్చినా, ఈ బిడ్డ ఇంకా పాలు మానలేదు. నేను వద్దనుకున్యా, తీపిచ్చుకున్యా. నేనే రమ్మన్యా ఆయప్పను. బెంచీ మీద కూసోమన్యా. ఆ బన్ను తినింది వీడు." చంకలో పిల్లాణ్ణి కాస్త ఎత్తి చూపింది. "ఇంకేమన్నా అడగల్లంటే నన్ను అడగండి."

ఎవడో కుర్రవాడు ఆడదానికి ఇంత నోరేందని అన్నాడు. పెద్దాయన వాడి వైపు చూశాడంతే, వాడు తల దించుకున్నాడు. ఆయన నన్ను చూశాడు. నేను అవునని గానీ కాదని గానీ అనలేదు, ఆ అవసరం దాటిపోయింది. ఆయన మీసం సవరించుకుని ఓబులేసుతో, "పోరా. ఆయమ్మను ఇంటికి పిల్చుకోని పో. ఒంట్లో బాగలేని మనిషిని ఎండలో నిలబెట్టినావు," అన్నాడు. తనే నిలబెట్టించాడన్న సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు.

ఓబులేసు లేచి పిల్లాణ్ణి తీసుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. ఇద్దరూ ముందూ వెనకా నడుచుకుంటూ పోయారు.

దీని ఖరీదు రామలక్ష్మే కట్టింది, అది కూడా రాయాలి. అత్త ఏడాది పాటు కోడలితో మాట్లాడలేదు. వీధి కొళాయి దగ్గర ఆడవాళ్లు కొన్నాళ్లు సూటిపోటి మాటలన్నారు. అన్న ఆడవాళ్లలోనే ముగ్గురో నలుగురో ఆ తర్వాత ఒక్కొక్కరుగా, చెవిలో చెప్పినట్టు, రామలక్ష్మిని అడిగి తెలుసుకుని నా దగ్గరికి వచ్చారు. కాపర్-టీ చూపించుకోవడానికి ఆమె వచ్చినప్పుడు, చెప్పినందుకు బాధగా ఉందా అని అడిగాను. "మాటలు పడొచ్చు మేడం. మనిషుండాడు కదా," అంది. ఆ రోజు శుక్రవారం. ఓబులేసు బయట బెంచీ మీద ఉన్నాడు.

దినాల కట్టుబాటు నేనున్న నాలుగేళ్లూ అట్లాగే ఉండింది. ఒక్క ఆడమనిషి మాటతో తాతల నాటి పగలు పోతాయని నేను రాస్తే, ఆ ఊరి వాళ్లు చదివి నవ్వుతారు.

మారింది నా పద్ధతి. ఆడమనిషి ఒప్పుదల తీసుకునేటప్పుడు ఇంకో ప్రశ్న కలిపాను. నీ గురించి ఎవరైనా గట్టిగా అడిగితే ఎవరికి చెప్పొచ్చు, ఎవరికి కూడదు, నీకు ముందు కబురు పంపాలంటే ఎక్కడికి పంపాలి. చాలామంది ఎవరికీ వద్దన్నారు. కొందరు మొగుడి పేరు, ఒకామె పక్కింటి ముసలమ్మ పేరు చెప్పారు. ఎవరు ఏది చెబితే దానికే కట్టుబడ్డాను. గుట్టు కాపాడటం డాక్టరుకు చట్టం అప్పగించిన పని. దాన్ని ఎప్పుడు, ఎవరి ముందు విప్పాలో తేల్చే హక్కు మాత్రం డాక్టరుకూ లేదు, మొగుడికీ లేదు.

భార్య వెంట వచ్చిన మగవాళ్లకు కూడా ఒక మాట ఎక్కువ చెప్పేదాన్ని. ఏం కావాలో ఆమెను అడగమని అంతకు ముందూ చెప్పేదాన్ని, అది సగమే. ఇంటికి పోయినాక కూడా అడుగుతుండాలి. ఆమె కోసమని ఏదైనా భరించాలనుకుంటే, అది ఆమెకు చెప్పి భరించాలి. భార్య కోసం ప్రాణమివ్వడానికి సిద్ధపడిన మగవాడిని నా సర్వీసు మొత్తంలో ఓబులేసునొక్కడినే చూశాను. ఆ సంగతి అతను భార్యకు చెప్పలేదు. ఆమె ఆ రోజు చిలమకూరులోనే ఉండిపోయి ఉంటే, తనను ఎంతగా గౌరవించాడో ఆమెకు శవం దగ్గర నేను చెప్పాల్సి వచ్చేది.